లేచి నిలబడితే క్రియ

తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికే పాఠం మొదలైపోయింది. మేష్టారు అటు తిరిగి బోర్డు మీద రాస్తున్నారు, అదీ ఒకందుకు మంచిదే అయింది, ఎవరి కంటా పడకుండా వెనక వరసలో కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీలో కూలబడింది ఆమె. మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి వచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. ఆమె చేరింది వారం మధ్యలో సాయంత్రాలు జరిగే ఫ్రెంచి బ్యాచిలో. ఆ పంతులమ్మకు గొంతు పోయిందట, మాట పెగలడం లేదట, ఈ ఒక్కసారికి శనివారం పొద్దుటి బ్యాచితో కూర్చోమని నిన్న ఫోను చేసి చెప్పారు. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే దారిలో ఒక గంట మాయం చేయడం ఆమెకు చేతనవును గాని, శనివారం పొద్దున్నే మాయమవ్వాలంటే అబద్ధం కాస్త గట్టిదే కావాలి. అర్జెంటు ప్రూఫులు వచ్చాయి, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను అంది. భర్త తువ్వాలుతో తల తుడుచుకుంటూ సరేలే అన్నాడు, పాపను నేను చూసుకుంటా, అమ్మ కూడా మోకాళ్ళ ఫిజియోథెరపీకి వెళ్ళాలిగా అన్నాడు. అంతే, అయిపోయింది, ఇంత తేలికా అనుకుంటూ బస్సెక్కింది. ఇప్పుడు సంచిలోంచి పెన్ను తీసి, మూత పళ్ళ మధ్య పెట్టుకుని తల ఎత్తింది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండిపోయింది. మూడు వరసల ముందు, సరిగ్గా నడిమధ్యలో, ఒక మెడ. ఆ మెడ మీద నెరిసిన జుట్టు ముడి. ఆ ముడిలో అడ్డంగా గుచ్చిన పసుపుపచ్చ పెన్సిలు.

కాదు, అనుకుంది మొదట. ముడి వేసుకున్న ఆడవాళ్ళు లోకంలో ఒకరా ఇద్దరా. భుజాలు వెడల్పుగా ఉన్నంత మాత్రాన ఎవరు పడితే వాళ్ళు తన అత్తగారైపోతారా. అయినా అత్తగారు ఇంట్లో పెన్సిలు పెట్టుకోరు, గోధుమరంగు ప్లాస్టిక్ క్లిప్పు పెట్టుకుంటారు, అందులో ఒక పన్ను విరిగిపోయింది, కొత్తది కొనాలని ఎన్నిసార్లో అనుకుంది తను, కొనలేదు. పెన్సిలు ఎప్పటి మాట! పెళ్ళికి ముందు ఆయన తన తల్లిని చూపిస్తానని తీసుకెళ్ళిన రోజు మాట. ఇంటికి కూడా కాదు, ఈతకొలనుకు తీసుకెళ్ళాడు. కప్పు ఎత్తుగా ఉన్న పెద్ద హాలు, నీళ్ళ వెలుగు ముక్కలు ముక్కలుగా గోడల మీద ఆడుతోంది, క్లోరిన్ వాసన ముక్కు లోపల గీరుతోంది, మెడలో ఈల వేసుకున్న ఒకావిడ గట్టు వెంట నడుస్తోంది, ఆవిడ ఎటు నడిస్తే అటు నీళ్ళలో పిల్లల తలలు తిరుగుతున్నాయి. ఆవిడ ముడిలోంచి పెన్సిలు లాగి అట్ట మీద ఏదో గీసి, మళ్ళీ చూడకుండానే ముడిలో గుచ్చి, "నీకు ఈత వచ్చా అమ్మాయ్?" అని అడిగింది. ఎవరి పిల్లవి, ఏం చదివావు, ఏమీ లేదు. రాదండీ అంటే, "దానికేం, నేర్పిస్తాలే" అంది. ఆ నేర్పడం ఇప్పటిదాకా జరగలేదు. పెళ్ళి, ఉద్యోగం, ఇల్లు మారడం, పాప. అందుకని ఆ పెన్సిలు అత్తగారిది కావడానికి వీల్లేదు, ఆ పెన్సిలు ఎప్పుడో ఆ హాల్లోనే ఎక్కడో పడిపోయి ఉంటుంది, ఇది ఇంకెవరో, ఎవరో రిటైరైన పంతులమ్మ, పొద్దుపోక చేరి ఉంటుంది.

మేష్టారు ఇటు తిరిగారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలు ముక్కు చివరిదాకా జారిపోయి ఉన్నాయి. బోర్డు మీద ఒకదాని కింద ఒకటి పూర్, సాఁ, అవాఁ, ఆఁ అని రాసి ఉన్నాయి. ఇవన్నీ ప్రిపోజిషన్లని మీకు తెలుసు, వీటి వెనకాల ఎవరొస్తున్నారో చూసుకోవడమే మీకు తెలియదు, నామవాచకమూ వస్తుంది, క్రియా వస్తుంది, ఒక్కోసారి రెండూ ఒకే బట్టలేసుకుని వస్తాయి, పరీక్షలో సగంమంది బోర్లా పడేది ఇక్కడే, అన్నారాయన. "ఇవాళ రాయడాలు లేవు. నేనొక ముక్క అంటాను. నామవాచకమైతే కూర్చునే ఉండండి. క్రియ అయితే లేచి నిలబడండి. పక్కవాళ్ళని చూసి లేవడాల్లేవు, విన్నవెంటనే లేవాలి." అందరూ చిన్నపిల్లల్లా నవ్వారు. పూర్ ల దేపార్, అన్నారు. ప్రయాణం కోసం. ఎవరూ కదల్లేదు. పూర్ పార్తీర్, అన్నారు. వెళ్ళడానికి. కుర్చీలు కిర్రుమన్నాయి, కొందరు సగం లేచి ఆగారు, ఒకతను లేచి మళ్ళీ కూర్చున్నాడు. అందరికన్నా ముందు లేచింది ఆ పెన్సిలు ముడి. చేతులు బల్లకు ఆనించలేదు, మూలగలేదు, నొక్కి వదిలిన స్ప్రింగులా నిటారుగా లేచి, వెనకబడినవాళ్ళను చూసి నవ్వడానికి మొహం పక్కకు తిప్పింది. ఆ ముక్కు, ఆ గడ్డం, చెవి కింద ఆ నల్లటి మచ్చ. పెన్ను మూత నోట్లోంచి జారి ఒళ్ళో పడింది.

ఆ మోకాళ్ళు! అదీ అందరికన్నా ముందు! ఇల్లంతా ఆ మోకాళ్ళ చుట్టూ తిరుగుతుంది గదా. వంగి తీయకండి అత్తయ్యా అని పప్పుల డబ్బాలన్నీ పైఅరలోకి మార్చింది తను. పాపను ఎత్తుకోకండి అని, బరువు మోయకండి అని, ఎన్ని చెప్పింది. వేడినీళ్ళ సంచి, మందుల వాసన వేసే ఆ ఆకుపచ్చ ట్యూబు, శనివారం శనివారం కొడుకు బండి మీద తీసుకెళ్ళి క్లినిక్ ఉన్న వీధి మొగలో దింపి రావడం, లోపలిదాకా వద్దులేరా, అందరూ ఆడవాళ్ళే ఉంటారు అని ఈవిడ అనడం. తిరిగొచ్చాక ఎలా ఉందత్తయ్యా అంటే, "ఇవాళ కాస్త సాగింది" అనేవారు. సాగిందట! ఏం సాగింది? ఆ క్లినిక్ వీధికీ ఈ వీధికీ మధ్య ఒక్క మలుపు. మరి ఆ గొణుగుడు? పొయ్యి ముందు నిలబడి పెదాలు కదుపుతూ ఉంటారు, ప్రార్థన అనుకుంది తను, లేకపోతే తనని ఏదైనా అనుకుంటున్నారేమో అని కూడా అనుకుంది, అనుకుని రెండు రోజులు ముభావంగా తిరిగింది. మొన్న పాప స్నానాల గదిలో నాజే నాజే నాజే అని కొత్త పాట అందుకుంటే బళ్ళో నేర్పారేమో అనుకుంది. నాజే అంటే ఈదడం. అది తనకు తెలిసిన మాటే, తన పుస్తకంలో ఉన్న మాటే, చెవిలో పడింది గాని బుర్రకు ఎక్కలేదు, నానమ్మ దగ్గర పాప నేర్చుకునే మాట ఫ్రెంచి మాట అవుతుందని ఎవరు కలగన్నారు.

సాఁ పారోల్, అన్నారు మేష్టారు. అందరూ కూర్చున్నారు. సాఁ పార్లే. అందరూ లేచారు. ఆమె లేవలేదు. మాట లేకుండా. మాట్లాడకుండా. తెలుగులో ఇంత తంటా లేదు కదా, అని ఎక్కడో దూరంగా ఎవరో వేరే మనిషి ఆలోచిస్తున్నట్టు ఆలోచన నడిచింది, తెలుగులో ఈ చిన్న ముక్కలు వెనకాలే వస్తాయి, ముందు మాట వస్తుంది, మాట్లాడ, అంటాం, అప్పుడు కుండా అంటాం, చెప్ప, కుండా, అడగ, కుండా. ఏ పనో ముందు తెలిసిపోతుంది, ఆ పని జరగలేదని తర్వాత తెలుస్తుంది. ఫ్రెంచిలో అలా కాదు, సాఁ అని ముందే అనేస్తారు, ఏదో లేదు అని ముందే గుండెలో రాయి వేసేస్తారు, ఏది లేదో తెలిసేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఇప్పుడు తను కూర్చున్నది అలాగే. సాఁ, సాఁ, సాఁ. ఇంకేదో ఉంది, ఆ మెడ అక్కడ ఉండటం ఒక్కటే కాదు, దాని వెనకాల ఇంకేదో వస్తోంది.

సాఁ పువ్వార్, అన్నారు. ఈసారి సగంమంది లేచారు, సగంమంది కూర్చున్నారు, ఒకరినొకరు చూసుకుని గొల్లుమన్నారు. మేష్టారికి కావలసింది అదే. "ఇద్దరూ కరెక్టే. పువ్వార్ అంటే అధికారం, నామవాచకం. పువ్వార్ అంటే చేయగలగడం, క్రియ. అధికారం లేకుండా అనుకున్నవాళ్ళు కూర్చున్నారు. చేయలేక అనుకున్నవాళ్ళు లేచారు. పక్కన ఇంకో మాట చూస్తేగాని తేలదు." అత్తగారు లేచే ఉన్నారు. పక్క కుర్చీలో కూర్చున్నతన్ని చేత్తో లేపుతున్నారు కూడా. ఆ చెయ్యి కొలనులో పిల్లల గడ్డం కింద పెట్టి తేల్చే చెయ్యి. తను చూసింది ఆ ఒక్కరోజే. పాప పుట్టిన మూడో నెలలో తను మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చింది, ఆ వారమే అత్తగారు కొలను మానేశారు, ఈల తెచ్చి వంటింటి మేకుకు తగిలించారు, పాప పెరిగాక అది ఊదుకుంటూ ఇల్లంతా తిరిగేది, ఒకరోజు ఎక్కడో పోయింది. ఎవరు మానమన్నారు? గుర్తు తెచ్చుకుందామంటే ఎవరూ అన్నట్టు లేదు. ఎవరూ అడగనూ లేదు. అందరూ ఒకే మాట అన్నారు. ఆయన అన్నాడు, డాక్టరమ్మ అంది, తన అమ్మ అంది, ఆఫీసులో పక్క సీటు ఆవిడ అంది. మీ అత్తయ్య ఉన్నారుగా. నిన్న సాయంత్రం తను కూడా అంది ఆ మాటే.

మందుల కంపెనీలో ఆమె పని ప్రూఫులు దిద్దడం. మాత్రల డబ్బాల్లో మడతలు మడతలుగా పెట్టే కాగితం ఉంటుంది చూడండి, ఎవరూ విప్పి చదవనిది, దాన్ని ఆరు భాషల్లో పక్కపక్కన పెట్టుకుని భోజనానికి ముందు అన్నచోట అన్ని భాషల్లోనూ భోజనానికి ముందే అని ఉందో లేదో చూడాలి. ఫ్రెంచి చూసేవారు రిటైరవుతున్నారు. ఆ సీటు మీద ఆశతోనే, దక్కేదాకా ఇంట్లో చెప్పకుండా, ఫ్రెంచిలో చేరింది తను. ఇప్పుడు ఆ సీటుకు తనను అనుకుంటున్నారు, కానీ ముందు ఆరు నెలలు వేరే దేశంలో శిక్షణకు పోవాలి. నిన్న పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, ఆరు నెలలమ్మా, చిన్నపిల్ల ఉంది కదా, ఇంట్లో ఇబ్బంది లేదుగా, అన్నారు. ఇబ్బందేం లేదండీ, మా అత్తయ్య ఉన్నారు, అంది ఆమె. ఒక్క క్షణం తడుముకోలేదు. రాత్రంతా దాన్ని ఆయనకు ఎలా చెప్పాలా అని ఆలోచించింది గాని, అత్తగారికి ఎలా చెప్పాలా అని ఆలోచించలేదు. ఇంట్లో నేల ఉందా అని ఎవరైనా ఆలోచిస్తారా.

"లేవండి, లేవండి, క్రియ అది," అని పక్కావిడ మోచేత్తో పొడిచింది. వీధి చివర మందుల షాపు నడుపుతానని, చదువుకుంటూ చదువుకుంటూనే బేరాలు చూసుకుంటానని ఎవరూ అడక్కుండానే చెప్పింది ఆవిడ. ఆమె చూపు ఎటుందో కూడా కనిపెట్టింది. "మా కోచ్‌గారినే చూస్తున్నారా? ఈ బ్యాచిలో ఆవిడదే హవా. ఈత నేర్పేవారట ఒకప్పుడు. వచ్చే నెల వెళ్ళిపోతున్నారు తెలుసా, ఏదో దీవిట, ఫ్రెంచి మాట్లాడతారట, అక్కడ ఆవిడ స్నేహితురాలికి హోటలుందిట, వచ్చే పిల్లలకి ఈత నేర్పాలిట. ఈ వయసులో! మాకైతే నోట మాట రాలేదనుకోండి."

వచ్చే నెల. "వాళ్ళింట్లో..." అంది ఆమె, అని ఆగిపోయింది, ఆ తర్వాత ఏ మాట పెట్టాలో తెలియక.

"ఇల్లా? ఆవిడకి వెనకాముందూ ఎవరూ లేరండీ. మొదటి రోజే చెప్పేశారుగా, మేష్టారు అందరినీ అడిగితే. సాఁజాఁఫాఁ," అని మందుల షాపావిడ ముచ్చటగా ముక్కుతో పలికింది. "పిల్లల్లేరు. పాపం."

పిల్లల్లేరు. సాఁ, అని ముందే అన్నారుగా, ఏదో లేదని తెలుస్తూనే ఉందిగా, అదేమిటో ఇప్పుడు తెలిసింది. మరి ఇంట్లో తువ్వాలుతో తల తుడుచుకుంటున్నది ఎవరు? లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎవరు ఏ అంతస్తులో ఇరుక్కున్నా పానా పట్టుకుని పరిగెత్తే మనిషి, చొక్కా గుండీ ఊడితే ఈ వయసులోనూ అమ్మా అని కేకపెట్టే మనిషి, అతను ఎవరు? రోజూ మధ్యాహ్నం బళ్ళోంచి వచ్చి ఆ వెడల్పాటి భుజం మీద తల పెట్టి నోరు తెరుచుకుని నిద్రపోయే పిల్ల ఎవరు? ఏ మొహం పెట్టుకుని అన్నారామాట, నవ్వుతూనా, తల దించుకునా, చెవి కింద మచ్చ గీరుకుంటూనా? తను చచ్చిపోయినట్టు అనిపించింది ఆమెకు, తనూ ఆయనా పాపా ముగ్గురూ ఏదో ప్రమాదంలో పోయినట్టు, పోయి ఈ గదిలో వెనక వరసలో కనిపించకుండా కూర్చున్నట్టు. కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగింది. చెప్పకుండా వెళ్ళిపోతారా? అడగకుండా ఒప్పేసుకుంటారా? ఈ రెండో మాట ఎవరిని అంటున్నట్టు? తన నోట్లోనే ఇంకెవరో తననే అంటున్నట్టు ఉంది. రెండూ క్రియలే. రెంటికీ లేచి నిలబడాలి. గదిలో ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీద ఎవరో బ్లేడుతో పువ్వు చెక్కారు, మేష్టారు ఆఁ నాజాఁ, ఈదుతూ, అంటున్నారు, అందరూ లేస్తున్నారు, ఆ వెడల్పాటి భుజాలు లేవడంతో ఆగలేదు, ఒకసారి వెనక్కి తిరిగి గుండ్రంగా కదిలాయి, నీళ్ళను తోస్తున్నట్టు, బట్టల కింద, చాలా చిన్నగా. ఎవరూ చూడలేదు. ఆమె చూసింది. ఇన్నేళ్ళలో ఇంట్లో ఒక్కసారి కూడా ఆ భుజాలు అలా కదలలేదు.

"ఇంక వాక్యాలు," అన్నారు మేష్టారు. "కోచ్‌గారూ, అవాఁతో ఒకటి. క్రియ పెట్టండి. క్రియ ముందు ఇంకో చిన్న ముక్క కావాలి, మరిచిపోకండి."

"ద కావాలి. నాకు తెలుసు," అన్నారు అత్తగారు. లేచారు. బల్ల మీద వేళ్ళు ఆనించి, పాఠం అప్పజెప్పే పిల్లలా పైకి చూశారు. "అవాఁ ద పార్తీర్..." వెళ్ళేముందు. "జ ద్వా దీర్..." నేను చెప్పాలి. అక్కడ ఆగిపోయారు.

"బాగుంది, బాగుంది. ఆ కీ? ఎవరికి?"

మేష్టారు కళ్ళద్దాలు పైకి తోసుకుని మళ్ళీ అడిగారు, ఆ కీ, ఎవరికి చెప్పాలి, ఒక్క మాట చాలు. అత్తగారు పెన్సిలు ముడిలోంచి తీశారు, మళ్ళీ గుచ్చారు. మాట కోసం వెతుకుతున్నట్టు, ఎవరైనా అందిస్తారేమో అన్నట్టు, నవ్వుతూ ముందు వరసను చూశారు, పక్క వరసను చూశారు, వెనక్కి తిరిగారు. తిరిగి, చూశారు. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉంది, దాని కిందనుంచి రంగంతా దిగిపోయింది. ఆమె ఒక మనిషి మొహం పాలిపోవడం అంత నెమ్మదిగా ఎప్పుడూ చూడలేదు. గది నిండా మనుషులున్నారు, అందరూ ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నారు, ఎవరికీ ఏమీ తెలియదు. తను ఎప్పుడు లేచిందో తనకే తెలియలేదు. ఈ గంటలో ఒక్కసారి కూడా లేవని మనిషి లేచి నిలబడి ఉంది, ఒళ్ళోంచి పెన్ను మూత దొర్లుకుంటూ పోయి ఎవరి కాలికో తగిలింది.

"ఆ, మీరు చెప్పండి," అన్నారు మేష్టారు సంబరంగా. "ఆ కీ?"

"ఆ మ్వా," అంది ఆమె. నాకు.

"తమాషా అయిన జవాబు. వ్యాకరణం మాత్రం కరెక్టు," అన్నారాయన. అందరూ నవ్వారు. పది నిమిషాలు విరామం ఇచ్చారు.

మెట్ల మలుపులో ఎవరూ లేరు. పాత కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, కింద వీధిలో ఎవరో ఇనుప షట్టరు ఎత్తుతున్నారు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, ఒకరు గోడకు ఆని, ఒకరు పిట్టగోడకు ఆని. ఎవరు ముందు అరవాలో తెలియలేదు. ఇంట్లో అయితే తెలిసేది. ఇంట్లో అసలు అరుచుకోరు, తలుపు కాస్త గట్టిగా వేస్తారు, అంతే.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నారు అత్తగారు.

"మీరేంటి ఇక్కడ?"

"నేను ముందడిగా."

ఆమెకు ఏడుపు వచ్చింది. చెబుదామనుకున్నదంతా వెనక్కి పోయి అన్నిటికన్నా చివర ఉండాల్సింది ముందుకొచ్చేసింది. "పిల్లల్లేరని చెప్పారా అత్తయ్యా?"

అత్తగారు చెవి కింద మచ్చ గీరుకున్నారు. "మొదటి రోజు అందర్నీ అడిగారు. ఉన్నారంటే ఊరుకోరుగా, ఎంతమంది, ఏం చేస్తారు, ఎక్కడుంటారు. నాకప్పటికి గుప్పెడు మాటలు కూడా రావు. లేరనడం తేలిక. అనేశా." కింద షట్టరు వైపు చూశారు. "పై వారం దిద్దుకుందాం అనుకున్నా. ఆ పై వారం దిద్దుకుందాం అనుకున్నా. తర్వాత దిద్దబుద్ధి కాలేదే అమ్మాయ్. వారానికి రెండు గంటలు నేను ఎవరికీ ఏమీ కాను. లేవమంటే లేస్తా, కూర్చోమంటే కూర్చుంటా. నిజంగా లేకపోతే బాగుండునని కాదు. అది మాత్రం కాదు. నీకర్థమైతే అవుతుంది, లేకపోతే నేను చెప్పలేను, ఏ భాషలోనూ."

"వెళ్తున్నారట."

"వెళ్తున్నా. ఇక్కడి కొలను వాళ్ళు నన్నింక తీసుకోరు, వయసైపోయిందన్నారు. నా స్నేహితురాలు రమ్మంది. ఒక ఏడాదికి."

"మరి పాప?"

"పాపకి అమ్మ ఉంది. నాన్న ఉన్నాడు."

"అమ్మ ఉండదు," అంది ఆమె. చెప్పేసింది, పెద్దసారు, శిక్షణ, ఆరు నెలలు, నిన్న సాయంత్రం. చెబుతుంటే అత్తగారి నోరు కొద్దికొద్దిగా తెరుచుకుంది. పేర్చిన కుర్చీల్లోంచి ఒకటి లాగి అందులో కూర్చుండిపోయారు, ఈసారి నిజంగానే మోకాళ్ళు సడలినట్టు.

"ఎవర్ని చూసుకుని ఒప్పుకున్నావు?"

"మిమ్మల్ని."

"నన్నడిగావా?"

"లేదు. మీరు మాకు చెప్పారా?"

"లేదు."

కింద షట్టరు సగంలో ఇరుక్కుంది కాబోలు, ఎవరో దాన్ని గుద్దుతున్నారు. ఉండిపోండి, అనే మాట ఆమె నాలుక చివరకు వచ్చింది. ఎన్నో రకాలుగా వచ్చింది, పాప కోసం, ఆయన కోసం, ఈ ఆరు నెలలూ తన కోసం, అన్నీ కోసాలే, ప్రతి కోసం ముందూ ఒక మనిషి ఉన్నారు గాని ఆ కుర్చీలో కూర్చున్న మనిషి లేరు. మింగేద్దామనుకుంది. మింగలేకపోయింది.

"ఉండరా అత్తయ్యా?"

"ఉండను," అన్నారు అత్తగారు.

గట్టిగా అనలేదు. మంచినీళ్ళు ఇవ్వనా అంటే వద్దన్నట్టు అన్నారు. ఇన్నేళ్ళలో ఆ నోట అలాంటి మాట వినలేదు ఆమె. అలాగేలే అంటారు, చూద్దాంలే అంటారు, నీ ఇష్టం అంటారు. చెంప మీద కొట్టినట్టయింది, ఆ తర్వాత వింతగా, చాలా వింతగా, కొట్టినచోట చల్లగా అనిపించింది. ఉండరు. సరే, ఉండరు. ఉండకపోతే ఏం చేస్తారో అది చేయాలి. తను మానుకోవాలా, ఆయన డ్యూటీ మార్చుకోవాలా, పాపను బడి అయ్యాక ఎక్కడైనా ఉంచాలా, ఆలోచనలు మొదటిసారి అత్తగారిని దాటుకుని అవతలికి పోవడం మొదలుపెట్టాయి, తడబడుతూ, గోడలకు గుద్దుకుంటూ.

ఫోను మోగింది. అత్తగారిది. తెర మీద కొడుకు బొమ్మ.

"అమ్మా, అయిపోయిందా నీ ఫిజియోథెరపీ?" గొంతు పెద్దగా వినిపిస్తోంది, వెనకాల పాప ఏడుపు. "ఇదేమో పుట్టినరోజుకి వెళ్ళాలి, జడ వెయ్యి అని చంపేస్తోంది. మీ కోడలు ఫోనెత్తదు. నాకు రాదంటే వినదు. నువ్వెప్పుడొస్తావు?"

అత్తగారు కోడలి వైపు చూశారు. ఆమె ఫోను సంచిలో ఉంది, సంచి క్లాసులో ఉంది. అత్తగారు లేవబోయి, ఆగి, ఫోను స్పీకర్లో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇప్పుడే రాను. నువ్వు వెయ్యి. స్పీకరు పెట్టుకో, నీకు రెండు చేతులూ కావాలి."

"నేనా?"

"లిఫ్టు తాళ్ళు కడతావు, జడ వెయ్యలేవా. దువ్వెన తియ్యి. ముందు కింద చిక్కులు విప్పు, పైనుంచి లాగకు. దువ్వావా? ఇప్పుడు మూడు పాయలు తియ్యి. సమానంగా చూసుకో. కుడిది ఎత్తి నడిమి దాని మీద వెయ్యి. ఇప్పుడు ఎడమది ఎత్తు, మళ్ళీ నడిమి దాని మీద. బిగించు. వదలకు. వదిలావంటే మొదటికొస్తుంది. మళ్ళీ కుడి."

కొలను గట్టు మీది గొంతు అది. చెయ్యి చాపు, ఊపిరి తీసుకో, తన్ను, తేలు. ఆమె మెట్టు మీద కూర్చుని వింటోంది. అవతల ఒక పెద్ద మగవాడు బుసలు కొడుతూ జుట్టుతో కుస్తీ పడుతున్నాడు, పాప ఏడుపు ఆపేసి నానమ్మ చెప్పినట్టు చెయ్యి నాన్నా అని ఆజ్ఞలిస్తోంది, అమ్మా వస్తోందే, వంకరగా ఉంది గాని వస్తోందే, అంటున్నాడు అతను, ఆ గొంతులో ఆశ్చర్యం దాచుకోలేక. రానీ వంకరగా, అంటున్నారు అత్తగారు. అత్తగారి కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతులో మాత్రం ఆ తడి లేదు.

"ఒరేయ్, పాపని దింపొచ్చాక ఎక్కడికీ వెళ్ళకు. మేమిద్దరం నీతో మాట్లాడాలి."

"మీరిద్దరా? ఎవరు?"

అత్తగారు ఫోను కొద్దిగా కోడలి వైపు జరిపారు.

"నేను," అంది ఆమె. "నేనూ ఇక్కడే ఉన్నా."

"నువ్వా? నువ్వు ఆఫీసులో కదా? ఫిజియోథెరపీలో ఏం చేస్తున్నావు?"

"ఇక్కడ ఫిజియోథెరపీ లేదు," అంది ఆమె.

"ఎప్పుడూ లేదు," అన్నారు అత్తగారు.

పైన గదిలో కుర్చీలు సర్దుకుంటున్న చప్పుడు, మేష్టారు చప్పట్లు కొట్టి అందరినీ పిలుస్తున్న చప్పుడు. ఇద్దరూ ఫోను వైపు వంగి అలాగే ఉండిపోయారు. చాలాసేపటికి ఫోనులోంచి పాప గొంతు కెవ్వుమంది.

"నాన్నా! వదిలేశావు! మొత్తం ఊడిపోయింది!"